రాత్రి పదింటికి పళ్ల డాక్టరు

ఆ ఉదయం ప్రోగ్రామరు పెట్టుకున్న పని చిన్నది. పళ్ల డాక్టరు కోసం చేసిన అపాయింట్‌మెంట్ల పేజీలో ఒక్క తప్పు మిగిలింది. ఉదయం పది గంటలని నొక్కినవాళ్లకు రాత్రి పది గంటలని చూపిస్తోంది. ఒక లైను దిద్దితే సరిపోతుంది. దిద్ది, స్నానం చేసి, పదకొండింటికి వీడియో కాల్‌లో డాక్టరుకు చూపించాలి. ఈసారి తేడా వస్తే పని అతని బావమరిదికి ఇచ్చేస్తానని మేనేజరు మేడం ముందే చెప్పింది. బావమరిది ఈమధ్యే అదే కంపెనీలో చేరాడు. ఉండేది బావగారింట్లోనే. ఇద్దరూ పనిచేసేది ఇంటినుంచే.

ప్రోగ్రామరు కోడు రాసేది, నడిపేది, తప్పులు వెతికేది అంతా బ్రౌజర్‌లోనే. రాయడానికి ఒక విండో, పేజీ ఎలా వచ్చిందో చూడడానికి ఒకటి, కోడును మధ్యలో ఆపి లోపల ఏం జరుగుతోందో తెలుసుకోవడానికి ఇంకొకటి. పనయ్యాక దేన్నీ మూయడు. మళ్లీ అవసరమవుతుందేమోనని. వంటింటి అలమర తలుపుల విషయంలోనూ ఆయన పద్ధతి ఇదేనని భార్య అంటుంది.

లైను దిద్దాడు. పేజీ సరిగ్గా వచ్చింది. తువ్వాలు భుజాన వేసుకుని లేవబోతూ, ఎందుకైనా మంచిదని ఇంకోసారి నొక్కాడు. రాత్రి పది. కోడు చూస్తే తప్పు లైను ఎప్పటిలాగే ఉంది. మళ్లీ దిద్దాడు. కాసేపటికి మళ్లీ అదే.

హాల్లోంచి బావమరిది నవ్వు వినిపించింది.

"ఏంట్రా, ఆ నవ్వు?"

"ఏం లేదు బావా. వేరే సంగతి."

వేరే సంగతి. ప్రోగ్రామరు ఆ మాటను గుర్తుపెట్టుకున్నాడు.

ఫైలును చివరిసారి మార్చిందెవరో చూశాడు. తన పేరే ఉంది. అంటే దొంగ తన పాస్‌వర్డ్‌తోనే లోపలికొస్తున్నాడు. పాస్‌వర్డ్ పెళ్లి తేదీ. తను కాక ఇంట్లో ఆ తేదీ తెలిసినవాళ్లు ఇద్దరు. ఒకరు పెళ్లికూతురు. రెండోవాడు ఆ పెళ్లి ఫొటోలన్నిట్లోనూ మధ్యలో దూరినవాడు.

వంటింట్లోకి వెళ్లాడు. "మన పెళ్లి తేదీ ఎవరికైనా చెప్పావా?"

భార్య చేతిలో గరిటె ఆగింది. "మీకు గుర్తులేక అడుగుతున్నారా?"

"నాకు గుర్తుంది. మీ తమ్ముడికి గుర్తుందా అని."

"వాడికెందుకండీ? పాపం, పొద్దున్నుంచీ తలెత్తకుండా పనిచేసుకుంటుంటే."

అతని అనుమానమూ అదే. పొద్దున్నుంచీ, తలెత్తకుండా.

పాస్‌వర్డ్ మార్చాడు. లైను దిద్దాడు. తప్పు తిరిగొచ్చింది. ఈసారి ఇంటి వైఫై ఆపేసి, తన లాప్‌టాప్‌ను ఫోన్ నెట్‌కు కలుపుకున్నాడు. హాల్లో "అయ్యయ్యో, మేడం లైన్లో ఉన్నారు!" అని కేక. ఆ వెంటనే ఇతనికి మేడం ఫోను.

"మీ బావమరిది మాట్లాడుతూ మాట్లాడుతూ మాయమయ్యాడు. మీ పేజీ అయినా ఉందా?"

"ఉంది మేడం."

"ఉంటే మంచిది. డాక్టరుగారు తనే నొక్కి చూస్తారట."

ఫోను పెట్టేసరికి తప్పు లైను మళ్లీ వచ్చి కూర్చుంది. బావమరిదికి వైఫై లేదు. భార్యకు కొత్త పాస్‌వర్డ్ తెలియదు. ఇక ఇంట్లో మిగిలింది తనొక్కడే. ఆ ఒక్కణ్ణి అనుమానించాలని మాత్రం అతనికి తోచలేదు.

దొంగను బెదిరించి చూద్దామనుకున్నాడు. చేతికందిన విండోలో, అపాయింట్‌మెంట్ ఖాయమయ్యాక కనిపించే 'ధన్యవాదాలు' తీసేసి, 'నువ్వెవరో నాకు తెలుసు. మర్యాదగా మానుకో' అని రాశాడు. కాసేపు కాపు కాశాడు. ఆ మాటను ఎవరూ ముట్టుకోలేదు.

"బెదిరాడు," అనుకున్నాడు. తను రోజూ రాసే విండోకి వెళ్లి, గంటల లైను దిద్ది, 'ధన్యవాదాలు' తిరిగి పెట్టాడు. అప్పటికి పదకొండయింది. స్నానం కాలేదు.

డాక్టరు ఉదయం పది నొక్కాడు. తెరమీద అక్షరాలు వచ్చాయి: 'మీకు రాత్రి పది గంటలకు. నువ్వెవరో నాకు తెలుసు. మర్యాదగా మానుకో.'

మేడం కళ్లజోడు తీసి, తుడిచి, మళ్లీ పెట్టుకుంది. ప్రోగ్రామరు తువ్వాలుతో ముఖం తుడుచుకున్నాడు. డాక్టరు నోరు తెరిచాడు, మూశాడు. చివరికి గొంతు తగ్గించి అడిగాడు.

"అంటే... మీకు తెలిసిపోయిందా?"

మేడం తెరకు ఇంకాస్త దగ్గరగా జరిగింది.

"నిజమే మేడం. ఇదే పని ఇంకో కంపెనీకి కూడా ఇచ్చాను. ఎవరిది బాగుంటే వాళ్లది తీసుకుందామని. తప్పే. వాళ్లకి ఇప్పుడే వద్దని చెప్పేస్తాను. రాత్రి పదింటికి మాత్రం నన్ను ఎక్కడికీ రమ్మనకండి."

"మా దగ్గర ఏదీ దాగదు డాక్టరుగారూ," అంది మేడం, తనకూ ఇప్పుడే తెలిసిందని పైకి కనపడనీయకుండా.

కాల్ అయిపోయాక బావమరిది వచ్చి వెనక నిలబడ్డాడు. "బావా, వైఫై ఎందుకు తీసేశావ్?" అంటూనే తెరమీదికి వంగాడు. "ఇదేంటి, ఒకే ఫైలు రెండు విండోల్లో తెరిచావ్? దీంట్లో పాత కోడుంది. కాసేపటికోసారి తనంతట తనే సేవ్ అవుతోంది. నువ్వు అందులో దిద్దినదంతా ఇది తుడిచేస్తోంది."

"మరి బెదిరింపు ఎందుకు తుడవలేదు?"

"అది ఈ పాత విండోలోనే రాశావు కదా. అవునూ, ఎవర్ని బెదిరించావ్?"

ప్రోగ్రామరు తువ్వాలు మడత పెట్టాడు. "పొద్దున ఎందుకు నవ్వావో అది చెప్పు ముందు."

"నీ పని నాకిస్తామని మేడం మెసేజ్ పెట్టారు. బావ ఉండగా నేనెందుకని రాసి నవ్వుకున్నా."

మళ్లీ మేడం ఫోను చేసింది. "డాక్టరు సంగతి మీకెలా తెలిసిందండీ?"

"అనుమానం వచ్చింది మేడం," అన్నాడు. అందులో అబద్ధం లేదు.

"మీలాంటి మనిషే కావాలి. ఇకమీదట టీములో ఎవరి కోడు ఎవరు మారుస్తున్నారో మీరే కనిపెట్టి ఉండాలి."

ఆ పనికోసం అతను ఇంకో విండో తెరిచాడు.