ఒకటో పెడల్, మూడో పెడల్

డెల్మర్ స్టకీకి ఒళ్ళు మండడానికి పెద్ద కారణాలు అక్కర్లేదు. పక్కింటివాడు గడ్డి కోసినా మండుతుంది, కోయకపోయినా మండుతుంది. కానీ ఆ శుక్రవారం మధ్యాహ్నం మాత్రం నిజంగానే కారణం ఉంది. ఆ కారణం కళ్ళజోడు పెట్టుకుని, తన జుట్టు తనే కత్తిరించుకున్నట్టున్న ఒక పిల్ల రూపంలో వచ్చి, మాడిసన్‌లో ఆయన ఇంట్లో, ఆయన సోఫాలో కూర్చుని, ఆయన భార్య వర్లీన్ చేసిన బనానా పుడ్డింగ్ తింటోంది.

పిల్ల పేరు జూనిపర్. ఒక సంగీత బృందానికి నాయకురాలు. బృందం పేరు 'తడి తువ్వాళ్ళు'.

"తడి తువ్వాళ్ళా?" అన్నాడు డెల్మర్.

"అవునండీ."

"ఎందుకూ?"

"ఊరికే."

నలభయ్యేళ్ళలో డెల్మర్ వాయించిన బృందాలకు గుర్రాల పేర్లుండేవి, నదుల పేర్లుండేవి, ఒక దానికైతే నాయకుడి మాజీ భార్య పేరుండేది. ఊరికే పెట్టుకున్న పేరు వినడం ఇదే మొదటిసారి.

"ఏం సంగీతం మీది?"

"ఇండీ రాక్ అండీ. అంటే, పెద్ద కంపెనీలేవీ మా వెనకాల ఉండవు."

"ముందర జనం ఉంటారా?"

"ఒక్కోసారి," అంది జూనిపర్ నిజాయితీగా.

వర్లీన్ మొగుడి వైపు ఒక చూపు చూసి, పిల్లకి ఇంకో గరిటె పుడ్డింగ్ వడ్డించింది.

కిటికీ పక్కన డెల్మర్ ప్రాణం ఉంది. అంటే పెడల్ స్టీల్ గిటారు. గిటారు అన్న మాటే గాని, ఒళ్ళో పెట్టుకునేది కాదు. నాలుగు కాళ్ళ మీద బల్లలా నిలబడి ఉంటుంది. పైన పది తీగలు, కింద వరసగా మూడు పెడల్స్, మోకాళ్ళు తగిలే చోట మీటలు. కుట్టుమిషను ముందు కూర్చున్నట్టు కూర్చుని, ఎడమ చేత్తో తీగల మీద ఉక్కు కడ్డీ జారుస్తూ, కుడి చేత్తో మీటుతూ, కింద కాళ్ళూ మోకాళ్ళూ ఆడించాలి. మనిషి ఒంట్లో ముక్కుకి తప్ప అన్నిటికీ పని. అది మామగారు ఆర్వల్‌ది. ఆయన పోయాక ఈ ముప్పయ్యేళ్ళుగా దాని ముందున్న స్టూలు మీద డెల్మర్ తప్ప ఇంకొకరు కూర్చోవడం ఎవరూ చూడలేదు.

స్టీల్ గురించి మాట్లాడ్డానికి ఎవరో పిల్ల వస్తోందని వర్లీన్ చెప్పినప్పటి నుంచీ ఆయన గడ్డం గీసుకునే అద్దం ముందు సాధన చేస్తూనే ఉన్నాడు. మొదటిసారి అడిగితే కుదరదనాలి. రెండోసారి నవ్వి ఊరుకోవాలి. మూడోసారి బతిమాలితే, గట్టిగా నిట్టూర్చి, సరేలెమ్మనాలి.

"చూడమ్మాయ్, నేను మానేసి ఆరేళ్ళయింది," మొదలుపెట్టాడు. "అయినా ఇది ఏడ్చే వాద్యం. పెళ్ళాం వదిలేసినవాడి కోసం పుట్టింది. మీరింకా చిన్నపిల్లలు, ఏడవడానికి కనీసం ఒక పెళ్ళయినా అవ్వాలి కదా. అందుకని నేను రావడం కుదరదు."

"అయ్యో, మిమ్మల్ని రమ్మనడం లేదండీ," అంది జూనిపర్ కంగారుగా. "వాయించేవాళ్ళు మాకున్నారు. వాద్యమే లేదు. వచ్చే శనివారం ఒక్క పూటకి ఇస్తారేమోనని..."

డెల్మర్ అద్దం ముందు ఈ ప్రశ్నకి జవాబు సాధన చేయలేదు.

"తీసుకెళ్ళమ్మా, దానికేం," అంది వర్లీన్.

పిల్ల వెళ్ళీ వెళ్ళగానే ఇల్లు దద్దరిల్లింది.

"నన్నడక్కుండా మాటెలా ఇచ్చేస్తావే?"

"మా నాన్న వాద్యం. మాటివ్వడానికి నాకు హక్కు లేదా?"

"ఎవడో వచ్చి దాని మీద కూర్చుంటాడు! ఎవడు వాడు?"

"శనివారం చూద్దువుగా."

"నేనిక్కడ బతికే ఉన్నాను! నన్ను గోడకి కొట్టిన మేకులా చూసి, బల్ల కావాలి, మీరక్కర్లేదంటుందా? బల్లట, బల్ల!"

"ఆ పిల్ల బల్లనలేదు. నువ్వే అంటున్నావు."

"ఆ మాటకొస్తే వాళ్ళకి కావల్సింది పాట కూడా కాదట. నిన్న నువ్వే చెప్పావు. ఒకే స్వరం నాలుగు నిమిషాలు పట్టుకు కూర్చోవాలట. మా స్టీల్ క్లబ్బులో హోయిట్ గాడు నిద్రలో కూడా నిమిషానికి నాలుగొందల స్వరాలు వాయిస్తాడు!"

"అందుకే వాడి పెళ్ళాం వేరే గదిలో పడుకుంటుంది," అని వర్లీన్ గిన్నెలు కడగడానికి వెళ్ళిపోయింది.

డెల్మర్ ఊరుకునే రకం కాదు. ఆ వచ్చేవాడెవడో గాని, శనివారం నలుగురిలో నవ్వులపాలవ్వాలి. స్టీల్ వాయించాలంటే డెల్మర్ స్టకీయే వాయించాలని ఆ కళ్ళజోడు పిల్ల ఏడుస్తూ తిరిగి రావాలి. ఎలా? తీగ తెంపుదామనుకున్నాడు, చెయ్యి రాలేదు. మీట వంచుదామనుకున్నాడు, గుడ్డతో తుడిచి లేచాడు. దాని మీద ఒక గీత పడినా ఆయనకి జ్వరం వస్తుంది.

అప్పుడు తట్టింది: పెడల్స్!

స్టీల్ వాయించేవాళ్ళలో రెండు తెగలున్నాయి. మూడు పెడల్స్‌నీ ఎడమ నుంచి కుడికి ఒకటి, రెండు, మూడు అని అమర్చుకునేవాళ్ళు ఒక తెగ, డెల్మర్‌ది ఇదే. మూడు, రెండు, ఒకటి అని అమర్చుకునేవాళ్ళు రెండో తెగ. నిలువు బొట్టుకీ అడ్డబొట్టుకీ ఎంత దూరమో వీళ్ళకీ అంత దూరం. ఒకరి వాద్యం మీద ఇంకొకరు కూర్చుంటే కాలు ఒకటి అనుకుంటుంది, తీగ ఇంకొకటి పలుకుతుంది. ఏడిపించబోతే ఎక్కిళ్ళు వస్తాయి. ఆ చుట్టుపక్కల నూటికి తొంభైమంది డెల్మర్ తెగవాళ్ళే. వచ్చేవాడూ అదే తెగవాడై ఉంటాడు. కాబట్టి ఒకటో పెడల్‌నీ మూడో పెడల్‌నీ తారుమారు చేసేస్తే సరి. వాద్యానికి చిన్న దెబ్బ కూడా తగలదు, వాడి పరువుకి మాత్రం తగులుతుంది.

మంగళ, బుధ, గురువారాలు వర్లీన్ చర్చివాళ్ళ పాత సామాన్ల కొట్టుకి వెళ్ళే సమయం చూసి, డెల్మర్ స్టీల్‌ని దుప్పటి మీద బోర్లా పడుకోబెట్టి, ఒక్కొక్క కమ్మీ విప్పి, ఇటుది అటూ అటుది ఇటూ బిగించాడు. అరవై ఎనిమిదేళ్ళ వయసులో మూడు పూటలు నేల మీద మోకాళ్ళేసి చేశాడు. గురువారం సాయంత్రానికి నడుం కొడవలిలా వంగిపోయింది.

"నడుం పట్టిందేమయ్యా?" అంది వర్లీన్.

"తోటపని."

"మనకి తోటెక్కడుంది?"

"వేద్దామని ఆలోచిస్తున్నా. ఆలోచిస్తేనే పట్టేసింది."

ఆవిడ వేడినీళ్ళ సంచీ తెచ్చి నడుం మీద పెట్టింది. ఆ మంచితనానికి డెల్మర్ ఒక్క క్షణం సిగ్గుపడ్డాడు. తర్వాత జూనిపర్ అన్న మాట గుర్తొచ్చి, పడ్డ సిగ్గు వెనక్కి తీసుకున్నాడు.

తమాషా చూడ్డానికి సాక్షులుంటేనే బాగుంటుంది. హోయిట్‌కి ఫోన్ చేశాడు. హోయిట్ ఇంకో ఆరుగురికి చేశాడు. అందరూ పెద్దవాళ్ళే, అందరూ స్టీల్ వాయించేవాళ్ళే, అందరూ డెల్మర్ తెగే.

శనివారం మూడు గంటలకి కచేరీ. ఒకప్పుడు టైర్లు మార్చిన షెడ్డులో ఇప్పుడు పాటలు పాడుతున్నారు. కుర్రకారంతా చేతులు కట్టుకుని, తల వంచుకుని, తమ బూట్లను తామే చూసుకుంటూ నిలబడ్డారు.

"ఎవరైనా పోయారేంట్రా?" అన్నాడు హోయిట్.

"కాదు, ఇది వాళ్ళ ఆనందం," అన్నాడు డెల్మర్.

ముసలివాళ్ళు ఏడుగురూ మడతకుర్చీలు తెచ్చుకుని వేదికకి ఎదురుగా వరసగా కూర్చున్నారు. డెల్మర్ వాళ్ళ మధ్యలో పెళ్ళికొడుకులా కూర్చున్నాడు.

జూనిపర్ మైకు ముందుకొచ్చింది. "ఇవాళ మాతో స్టీల్ వాయిస్తున్నది," అంది మెల్లగా, "వర్లీన్ స్టకీ గారు."

పక్క తలుపులోంచి వర్లీన్ వచ్చింది. చర్చికెళ్ళేప్పటి నీలం గౌను వేసుకుంది. వచ్చి స్టీల్ ముందు స్టూలు మీద కూర్చుంది.

డెల్మర్ కుర్చీలోంచి సగం లేచాడు. ఈవిడా? చిన్నప్పుడు తండ్రి దగ్గర ఏదో నేర్చుకున్నానని ఎప్పుడో అన్నట్టు గుర్తు. ఈయన విన్నట్టు మాత్రం గుర్తులేదు. ఇప్పుడు అంతమంది ముందు, తన తెగవాళ్ళ ముందు, తన పెళ్ళాన్ని తన చేతులతోనే నవ్వులపాలు చేస్తున్నాడు! నడుం నొప్పి మర్చిపోయి వేదిక మీదికి ఉరికాడు.

"ఆగు వర్లీన్! వాయించకు!"

"ఎందుకు?"

ఎందుకో చెప్పాలంటే హోయిట్ వింటాడు. "నీకు... ఒంట్లో బాగోలేదు."

"నాకు బానే ఉంది. నువ్వెళ్ళి కూర్చో."

"అది కాదే..."

వెనక్కి అడుగేస్తే కాలికి వైరు చుట్టుకుని చతికిలబడ్డాడు. వైరుతో పాటు ఎవరిదో గిటారు కింద పడి, షెడ్డంతా మారుమోగేలా ఊళ పెట్టింది. బూట్లు చూసుకుంటున్న కుర్రకారు మొదటిసారి తలెత్తి చప్పట్లు కొట్టారు. ఇదీ పాటలో భాగమే అనుకున్నారు పాపం.

ఆ ఊళ ఇంకా ఆగకుండానే వర్లీన్ కడ్డీ తీగల మీద ఆనించింది. డెల్మర్ కళ్ళు మూసుకున్నాడు. ఎక్కిళ్ళ కోసం ఎదురుచూశాడు.

రాలేదు. ఒక స్వరం వచ్చింది. ఎక్కడ మొదలైందో తెలియకుండా మొదలై, పైకి లేచి, బృందంలోని రెండు గిటార్ల రొద మీద తేలుతూ నిలబడింది. ఆవిడ ఎడమ పాదం మూడో పెడల్ ఉండాల్సిన చోటికి వెళ్ళి, వెతుక్కోకుండా, తడబడకుండా ఒకటో పెడల్‌ని తొక్కింది. స్వరం వంగి ఇంకో స్వరంలో కలిసింది. జూనిపర్ సన్నటి గొంతుతో ఏదో పాడింది. డెల్మర్‌కి మాటలు వినబడలేదు. అదే ఒక్క స్వరం, నాలుగు నిమిషాలు. హోయిట్‌లాగే నిమిషానికి నాలుగొందలు వాయించే తనకి ఇన్నేళ్ళలో అలాంటిది ఒక్కటీ రాలేదని అర్థమై, ముందు కోపమొచ్చింది, తర్వాత కళ్ళనీళ్ళొచ్చాయి, కళ్ళనీళ్ళొచ్చినందుకు మళ్ళీ కోపమొచ్చింది.

పాట అవ్వగానే హోయిట్ కుర్చీలోంచి ముందుకి వంగి, వాద్యం అడుగున చూసి, గావుకేక పెట్టాడు. "ఒరేయ్! పెడల్స్ అటువైపోళ్ళ వరసలో ఉన్నాయిరా! ముప్పయ్యేళ్ళు మా పక్కన కూర్చుని, మా కాఫీ తాగి, ఆ తెగలోకి పోయావా?"

"నేను కాదురా..."

"మరి ఎవరు తిప్పారు?"

వర్లీన్ మైకు అందుకుంది. "మా ఆయనే తిప్పారు. మా నాన్న ఆ వరసలోనే వాయించేవాడు, నాకూ అలాగే నేర్పాడు. నా కోసం మూడు రోజులు నేల మీద మోకాళ్ళేసి మార్చారు. ఎవరికీ చెప్పొద్దన్నంత మొహమాటం ఆయనకి."

షెడ్డు దద్దరిల్లేలా చప్పట్లు. బూట్లు చూసుకునేవాళ్ళు కూడా ఈలలేశారు. డెల్మర్ లేచి, నడుం పట్టుకుని, వంగి దండం పెట్టాడు. కొత్తగా వంగక్కర్లేకపోయింది.

కచేరీ అయ్యాక షెడ్డు బయట, వ్యాను పక్కన ఇద్దరే మిగిలారు.

"నీకెలా తెలిసిందే?" అన్నాడు.

"తెలియడమేంటి, నేనే కదా చేయించింది."

"నువ్వా?"

"మా నాన్న పోయిన వారానికే ఆ పెడల్స్ నీ వరసలోకి తిప్పేశావు. నేనేమీ అనలేదు. నువ్వు కాఫీకి వెళ్ళినప్పుడల్లా కూర్చుని, కాలు తప్పుతూ, తిట్టుకుంటూ వాయించాను. మళ్ళీ మార్చమని అడిగితే మారుస్తావా?"

"ఛస్తే మార్చను."

"చూశావా. అడిగితే చెయ్యవు, కోపమొస్తే చేస్తావు. అందుకే ఎవరు వాయిస్తారో చెప్పొద్దని చర్చి కొట్లో పరిచయమైన ఆ పిల్లతో నేనే అన్నాను. నువ్వు తీగ తెంపవు, మీట వంచవు, ఆ వాద్యమంటే నీకంత ప్రాణం. నీకు తెలిసిన పెద్ద పాపం ఒక్కటే, పెడల్స్ తిప్పడం. గురువారం నీ నడుం చూసి నాకెంత సంతోషమేసిందో తెలుసా? పాపం కదా అని వేడినీళ్ళ సంచీ పెట్టాను."

డెల్మర్ వ్యాను తలుపు తీశాడు. ఆ స్వరం ఇంకా చెవుల్లోనే ఉంది. "బాగా వాయించావు," అన్నాడు చివరికి. పెళ్ళయ్యాక ఆ మాట అనడం అదే మొదలు. వర్లీన్ కళ్ళు తుడుచుకుంది.

"వచ్చే నెల వీళ్ళు అయిదు ఊళ్ళు తిరుగుతున్నారు," అంది. "నన్ను రమ్మన్నారు. నిన్నూ రమ్మన్నారు."

డెల్మర్ ఛాతీ ఉబ్బింది. "నన్ను కూడానా? అలా అన్నారూ?"

"అన్నారు. ఆ స్టీల్ పెట్టె నా వల్ల లేవదు కదా, మొయ్యడానికి ఒక మనిషి కావాలి."

"ఏమిటే! నలభయ్యేళ్ళు వాయించిన నేను మోతగాడినా? ఆ తడి తువ్వాళ్ళ వెనకాల నేను పెట్టెలు మొయ్యాలా? ఎంత పొగరు! నాకేం పరువు లేదనుకున్నారా? మా తెగవాళ్ళు చూస్తే ఏమనుకుంటారు?"

వర్లీన్ చేతులు కట్టుకుని నిలబడింది.

డెల్మర్ ఇంకో రెండు నిమిషాలు అరిచాడు. తర్వాత వంగి, మూలుగుతూ, పెట్టె ఎత్తి వ్యానులో పెట్టాడు.

"ఏ రోజు బయల్దేరాలి?" అన్నాడు.