పుట్టకముందే గౌన్లు

మహబూబ్‌నగర్‌లో ఓ ఆఫీసులో సీనియర్ అసిస్టెంటుగా పనిచేసే దశరథం ఆ రోజు పొద్దున పెట్టుకున్న పని ఒక్కటే: పురిటికి వచ్చిన కూతురు కరుణకు దానిమ్మపండ్లు కొనడం. పండ్ల బండి పక్కనే పిల్లల బట్టల షాపు ఉండడం అతని తప్పు కాదు.

ఇంట్లో భార్య నర్సింగమ్మ ఆజ్ఞలు రెండున్నాయి. కాన్పయ్యేదాకా సంగతి బయట చెప్పకూడదు. బిడ్డ పేరున నూలుపోగు కూడా కొనకూడదు. కరుణ కిందటి కాన్పుకు ఉయ్యాలతో సహా అన్నీ ముందే కొన్నారు. బిడ్డ దక్కలేదు. అప్పటినుంచి పసిపిల్లల టోపీ కనిపించినా ఆమెకు భయమే.

దశరథం షాపులోకి వెళ్లింది ఊరికే చూడడానికి. పసుపురంగు గౌను అరచేతిలో పెట్టుకున్నాక కింద పెట్టబుద్ధి కాలేదు. గౌనుకు టోపీ లేకపోతే బాగుండదు. టోపీ ఉన్నాక మేజోళ్లు తప్పవు. ఆడపిల్లో మగపిల్లాడో తెలియదు గనుక రెండు రకాలూ పసుపులోనే తీసుకున్నాడు.

“కవలలైతే ఎట్ల సార్?” అన్నాడు షాపతను.

స్కానింగులో ఒక్కరే అని తేలినా, ప్రశ్న న్యాయంగానే తోచింది. మళ్లీ అన్నీ కట్టించాడు. దానిమ్మపండ్లు మరచిపోయాడు.

ఇంటికి తీసుకుపోయే ధైర్యం లేక ఆ మూటను ఆఫీసు బీరువాలో ఫైళ్ల వెనక దాచాడు. ఏదో పాత ఫైలు వెతుకుతున్న జూనియర్ విజేందర్‌కు అది దొరికింది.

“సార్, గివి ఎవరివి?”

“మా ఇంట్లకే. పుట్టేదాక ఎవ్వరికి చెప్పొద్దని మా ఆమె ఒట్టు పెట్టించుకుంది. జర నీ కడుపుల దాచుకో.”

విజేందర్‌కు తెలిసినంతవరకు ఆ ఇంట్లో ఉండేది దశరథం, నర్సింగమ్మ ఇద్దరే. ఇద్దరికీ యాభై దాటాయి. అతనికి వైద్యశాస్త్రం మీద గౌరవం పెరిగింది. సార్ చెప్పినట్టే ఎవరికీ చెప్పలేదు, పక్క సీటు శోభ మేడమ్‌కు తప్ప. శోభ కూడా నమ్మకస్తురాలే. మధ్యాహ్నానికి ఆఫీసంతా కలిసి ఆ రహస్యాన్ని కాపాడుతోంది.

సాయంత్రం దశరథం ఇంటికి చేరేసరికి శోభ, మరో ఇద్దరు ఆడవాళ్లు నర్సింగమ్మను కుర్చీలో కూర్చోబెట్టి, తలలో పూలు పెట్టి, చేతులకు గాజులు తొడుగుతున్నారు.

“నాకెందుకమ్మా గాజులు?” అంటోంది నర్సింగమ్మ.

“సిగ్గెందుకక్కా? ఈ వయసుల గింత ధైర్యం ఎవరు చేస్తరు!” అంది శోభ.

“సార్ బట్టలు ఆఫీసులనే మరిచిపోయిండు,” అంటూ విజేందర్ మూట తెచ్చి ఆమె ఒళ్లో పెట్టాడు.

నర్సింగమ్మ మూట విప్పి, పసుపు గౌను చూసి చటుక్కున మళ్లీ ముడేసింది. కోపం తర్వాతి సంగతి, ముందు భయమేసింది. అంతలో అలికిడి విని నిండు గర్భిణి కరుణ లోపలి గదిలోంచి వచ్చింది. శోభ చేతిలో గాజు అక్కడే ఆగిపోయింది. కరుణ తల్లి గాజులను చూసింది, పూలను చూసింది, సంగతి అర్థమై నవ్వడం మొదలుపెట్టింది. తలుపు పట్టుకుని మరీ నవ్వింది. ఉన్నట్టుండి ఆపేసింది.

“అమ్మా, నొప్పులొస్తున్నయ్!”

దవాఖాన వరండాలో నర్సింగమ్మ భర్తతో ఒక్క మాటే అంది: “బిడ్డకేమన్నయితే నీ మొఖం చూడ.” దశరథం తానే ఆ బిడ్డకు కీడు తెచ్చానేమోనని లోలోపల కుమిలిపోయాడు.

తెల్లారేసరికి ఆడపిల్ల పుట్టింది. తల్లీబిడ్డలు క్షేమం. మనవరాలి ఏడుపు విని నర్సింగమ్మ తానూ ఏడ్చింది. దశరథం సరేసరి. షాపులు తెరిచే వేళకు ఆమె కళ్లు తుడుచుకుని లేచింది.

“గా షాపు ఏడుంది? నడువు.”

వాపసు ఇవ్వడానికే అనుకుని దశరథం దారిలో ఇంట్లోంచి మూట తెచ్చి చంకన పెట్టుకుని వెంట నడిచాడు.

“గా ఎర్ర గౌను తియ్యి. దాని మీదికి గీ టోపీ,” అంది నర్సింగమ్మ షాపతనితో. తర్వాత భర్త వైపు తిరిగింది. “అన్నీ పసుపువేనా తెచ్చేది? నీకు కొనుడు గూడ రాదు.”

“చాలు తియ్యే. ఇంకెన్ని?” అన్నాడు దశరథం.

“పుట్టినంక కొంటే దోషం లేదు. నువ్వు గమ్మునుండు.”

ఆ వేళకు దవాఖానలో పాప, ఇరవై ఒకటో రోజు దాకా ఒంటికి కొత్తబట్ట తగలకూడదన్న అమ్మమ్మ ఆజ్ఞ ప్రకారం, పాత చీరముక్కలో హాయిగా నిద్రపోతోంది.