ఈశాన్యంలో కొర్రమీను

మా అత్తగారు వజ్రమ్మ మంచి మనిషే. ఆవిడ మంచంతోనే నాకు పేచీ. ఏటా మృగశిర కార్తెకు శామీర్‌పేట నుంచి మేడ్చల్‌లో మా ఇంటికి వస్తుంది. ముందు గదిలో టీవీ ఎదురుగా నవారు మంచం వేయించుకుంటుంది. రిమోటు దిండు కిందికి పోతుంది. వానలు పడి చెరువు నిండేదాకా ఇక ఆ మంచం లేవదు.

అది 1999. ప్రపంచ కప్పు జరుగుతోంది. సరిగ్గా మృగశిర నాడే పాకిస్తాన్‌తో మన మ్యాచ్. సీరియల్లో కోడళ్ళు ఏడుస్తుంటే నేను వంటింట్లో రేడియో చెవికి ఆనించుకుని కూర్చోవాలా? తలుచుకుంటేనే ఒళ్ళు మండిపోయింది.

అందుకే కుత్బుల్లాపూర్ వెళ్ళి చేపల తొట్టి కొనుక్కొచ్చాను. సరిగ్గా మంచం వేసే మూలలోనే, బల్ల మీద పెట్టాను.

"గిదేంది?" అంది నా భార్య పద్మజ.

"వాస్తు. ఈశాన్యంల నీళ్ళుండాలె."

"నీకెప్పటిసంది వాస్తు? మొన్న పొయ్యి యాడ పెట్టాల్నంటే నెత్తి మీద పెట్టుకో అన్నవ్."

"గది పొయ్యి. గిది ఇల్లు."

"మరి మా అమ్మ మంచం?"

"నేనేం జెయ్యాలె? నీళ్ళు నింపినంక తొట్టిని కదిపితే అద్దం పలుగుతదట. దుకాణపాయన సెప్పిండు. మంచం వరండల ఏద్దాం, సల్లగుంటది."

దుకాణదారు నిజంగానే ఆ మాట చెప్పాడు. నీళ్ళు పోసి, మోటారు నడిపి, కొన్నాళ్ళు ఆగి గాని చేపల్ని వదలొద్దని కూడా చెప్పాడు. నేను ఆగితే అత్తగారు ఆగుతుందా? బోరు నీళ్ళు పోసి బంగారు చేపల్ని అప్పుడే వదిలేశాను. అవి పైకొచ్చి నోళ్ళు తెరిచాయి. ఆకలి కాబోలనుకుని గుప్పెడు మేత వేశాను. సాయంత్రానికి తొట్టి కుడితి గోలెంలా తయారైంది. సగం నీళ్ళు తోడి మళ్ళీ నింపేసరికి నా నడుం విరిగింది. పద్మజ గుమ్మంలో నిలబడి చూసిందే తప్ప చెంబు కూడా అందించలేదు. చేపల మీద, దుకాణదారు మీద, ఆమె మీద అందరి మీదా అరిచాను.

మృగశిరకు ముందు రోజు వజ్రమ్మ దిగింది. చేతిలో మూతకు బొక్కలు పెట్టిన క్యాను. అందులో మూరెడు కొర్రమీను, బతికే ఉంది. మృగశిర నాడు చేప తినకపోతే ఏడాదంతా రోగాలేనని ఆవిడ నమ్మకం. కొర్రమీనును పొయ్యి వెలిగించాకే కొయ్యాలన్నది ఆవిడ పట్టుదల.

"పొద్దుగాల దాంక యాడ ఉంచుదాం బిడ్డా? క్యాన్ల ఉంటె సస్తది."

పద్మజ నా వంక చూడలేదు. "ఈశాన్యంల మస్తు నీళ్ళున్నయమ్మా."

"ఏయ్, నా తొట్టిల..." అంటుండగానే కొర్రమీను అందులో దబ్బున పడి నా చొక్కా తడిసింది.

"ఒక్క రాత్రే గదా, సుట్టం లెక్క ఉంటది. మీద పీట ఎయ్యి, ఎగురుతది," అంది పద్మజ. పీట కూడా నాతోనే వేయించింది.

పొద్దున్నే లేచి చూశాను. మోటారు బుడగలు తీస్తోంది. అడుగున కొర్రమీను నిండు గర్భిణిలా పడుకుని ఉంది. బంగారు చేపలు ఒక్కటీ లేవు.

ఇల్లు అదిరేలా అరిచాను. "పద్మా! అన్నింటినీ మింగింది! గది సిన్న శాపల్ని తింటదని నీకు తెల్వదా?"

"శెరువు కట్ట కింద పుట్టి పెరిగిన. నాకెందుకు తెల్వదు?" ఉల్లిగడ్డలు కోస్తున్నదల్లా కత్తి ఆపింది. "మా అమ్మను వరండల పండవెడ్తనన్నప్పుడు నాకు గింతకన్న కోపమొచ్చింది."



కొర్రమీనును మళ్ళీ క్యానులోకి మార్చి, చేపలు లేని తొట్టికి నీళ్ళెందుకని తల్లీకూతుళ్ళు తోడి మొక్కలకు పోశారు. మధ్యాహ్నానికి తొట్టి వరండాకు పోయింది, మంచం ఈశాన్యానికి వచ్చింది. "దాని కడుపుల నా శాపలున్నయి, నేను ముట్ట," అని ప్రకటించి మూతి ముడుచుకుని కూర్చున్నాను.

"నీ ఇష్టం," అంది పద్మజ.

పులుసు ఉడికే వేళకు మ్యాచ్ మొదలైంది. మా టీవీలో మాత్రం సీరియలే. పక్కింటివాళ్ళ అరుపుల్ని బట్టి స్కోరు ఊహించుకుంటున్నాను. అటు చింతపండు, మెంతులు, కొత్తిమీర వాసన వచ్చి మంచం చుట్టూ తిరుగుతోంది. వజ్రమ్మ లేచి కంచం తెచ్చి నా ముందు పెట్టింది.

"తిను అల్లుడా. ఇయ్యాల తినకుంటే పానం మంచిగుండది."

నా కోపం తగ్గిందని మాత్రం అనుకోకండి. కోపంగానే కలుపుకున్నాను, కోపంగానే తిన్నాను. "ఇంకో ముక్క ఎయ్యాల్నా?" అని ఆవిడ గరిటె ఎత్తితే, ఇల్లంతా వినబడేలా గద్దించాను.

"తోక వద్దు. నడిమి ముక్క ఎయ్యి అత్తా!"