గడప దాటితే కోరం పోతుంది

తత్వశాస్త్రంలో ఇకమీదట స్త్రీల గొంతు వినిపించి తీరాలని విశ్వవిద్యాలయం నిర్ణయించింది. ఆ శాఖలో ఉన్న స్త్రీ ఒక్కరే కావడంతో ఆ గొంతు మీద పని కాస్త పెరిగింది.

పద్నాలుగో నిబంధన ప్రకారం స్త్రీ సభ్యురాలు లేని కమిటీ తీర్మానం చెల్లదు. శాఖలో కమిటీలు తొమ్మిది. తొమ్మిదింటిలోనూ ఆవిడే. (స్త్రీ దృక్పథం లేకుండా కుర్చీల మరమ్మతు కమిటీ ఒక్క మేకు కూడా కొట్టించకూడదు.)

తల్లి పోయాక ఆవిడ ఎనిమిది నెలలు కూర్చుని ఒక ప్రసంగం రాసుకుంది. పేరు ‘పోయినవాళ్లతో మాట్లాడటం’. ‘ప్రజల చెంతకు తత్వం’ కార్యక్రమంలో గురువారం మూడు గంటలకు చదవాలి. అది వినడానికి అక్క తన కుట్టు దుకాణం మూసి మరీ వస్తోంది. సరిగ్గా అదే మూడు గంటలకు ‘స్త్రీలు ఎందుకు మాట్లాడటం లేదు’ అధ్యయన కమిటీ సమావేశం పడింది.

“వాయిదా వేయలేమా సార్?” అని ఆవిడ శాఖాధిపతిని అడిగింది.

“ఏది, ప్రసంగమా?”

“మీటింగు.”

ఆయన కళ్లజోడు తీసి బల్ల మీద పెట్టాడు. “స్త్రీల విషయం వాయిదా వేద్దామంటున్నారా మేడమ్? అదీ మీరు?”

ఆవిడ చేతిలోని ప్రసంగం కాగితాల కోసం ఆయన చెయ్యి చాపాడు.

“ప్రసంగానిదేముంది, కాగితం మీద ఉన్నదేగా. మన తర్కం మాస్టారిది మంచి కంఠం. చదివిపెడతాడు.”

గురువారం సమావేశం చివరికొస్తుండగా ఆవిడ ఫోను మోగింది. అక్క. ఆవిడ లేచి తలుపు దాకా వెళ్లింది.

“గడప దాటకండి మేడమ్, కోరం పోతుంది” అన్నాడు కార్యదర్శి.

ఆవిడ గడప ఇవతలే నిలబడింది.

“ఏమే, ఎక్కడున్నావు?” అక్క గొంతు తగ్గించి అడిగింది. “ఇక్కడెవరో ఒకాయన ‘మా అమ్మ పోయిన మర్నాడు’ అంటూ చదువుతున్నాడు. పాపం, ఆయనకీ పోయిందా?”

“లేదక్కా, వాళ్లమ్మగారు నిక్షేపంగా ఉన్నారు. అది నేను రాసిందే.”



“అయితే మన అమ్మేనా?”

“మన అమ్మే.”

“అనుకున్నాను. రేడియోలో వార్తలు చదివేవాడికి ఎదురు సమాధానం చెప్పేదన్నాడు. ఇంకెవరమ్మ చెబుతుందే అలా?” అక్క ముక్కు ఎగబీల్చింది. “అయిపోయినట్టుంది. అందరూ వెళ్లి ఆయన చెయ్యి పట్టుకుని ఓదారుస్తున్నారు. నేనూ వెళ్లనా?”

“వెళ్లు. ప్రజలు పాల్గొన్నట్టు ఉంటుంది.”

“నీ మొహం. నువ్వెప్పుడు వస్తావు?”

“మేడమ్, చివరి అంశం” అన్నాడు కార్యదర్శి.

ఆవిడ ఫోను పెట్టేసి వచ్చి కూర్చుంది. కార్యదర్శి నింపాదిగా చదివాడు: “తగిన అవకాశం కల్పించినప్పటికీ నేటి ప్రసంగానికి సైతం స్త్రీ వక్త హాజరు కాలేదని కమిటీ విచారంతో గమనించింది. కారణాలు తెలియరాలేదు. వాటిని కనుగొనడానికి పదో కమిటీని నియమించడమైనది.”

ఆవిడ కలం తీసి సంతకం చేసింది. చేయకపోతే చెల్లదు.

కొత్త కమిటీలోనూ నిబంధన ప్రకారం ఒక స్త్రీ ఉండాలి. ఎవరైతే బాగుంటుందా అని అందరూ కాసేపు ఆలోచించారు.