ఎక్కడ కొన్నారు?

సోమవారం పొద్దున అచ్యుతరామారావు వేసుకున్న ప్లాను చిన్నది. తొమ్మిదికల్లా గవర్నర్‌పేటలో తన నీళ్ళ మోటార్ల కొట్టు తెరవాలి. తన ముప్ఫై ఏళ్ళ మోటార్ల తెలివిని కంపెనీ వాళ్ళ ఫోన్లోకి ఎక్కించాలి. డీలర్‌షిప్పు నిలబెట్టుకోవాలి. ఉన్న ముగ్గురు డీలర్లలో ఒక్కరినే ఉంచుతామనీ, ఎవరి అనుభవం పనికొస్తే వాళ్ళే మిగులుతారనీ కంపెనీ ముందే చెప్పేసింది.

చెప్పులేసుకుంటుంటే భార్య త్రిపురసుందరి గుమ్మంలోకి వచ్చింది.

"ఏమండీ, ట్యాంకు మోటరు తిరగట్లేదు. కాలిన వాసన కూడా వస్తోంది."

"ఫ్యూజు చూడు."

"వాసన వస్తోందంటే ఫ్యూజంటారేంటి?"

"మన కొట్లో మోటరు. ఫ్యూజే అయ్యుంటుంది," అని స్కూటరెక్కాడు.

కొట్లో అప్పటికే శాంభవి లాప్‌టాప్ తెరుచుకుని కూర్చుంది. కంపెనీ రీసెర్చి విభాగం అమ్మాయి. రైతులు ఫోన్లో చెప్పే ఫిర్యాదులూ ఆయన చెప్పే జవాబులూ ఆమె ఎక్కిస్తుంటే, ఏ లక్షణానికి ఏ రోగమో ప్రోగ్రాము తనంతట తానే సూత్రాలు పట్టుకుంటుంది. ఆ సూత్రాలు మెకానిక్కుల ఫోన్లలోకి వెళతాయి. నెట్టు లేని ఊళ్ళో కూడా ఒక ఫోను పక్కన ఇంకో ఫోను ఉంటే చాలు, జలుబులా అంటుకుంటాయి.

"నేనున్నానని ఆలోచించకండి సార్. రోజూ ఎలా చెప్తారో అలాగే చెప్పండి," అంది శాంభవి.

అలాగే చెప్పాడు. అక్కడే దెబ్బతిన్నాడు.

ఆయన పద్ధతి పాతది. మోటరు తిరగట్లేదని ఎవరు ఫోన్ చేసినా ముందు "ఎక్కడ కొన్నారు?" అంటాడు. తన దగ్గర కొన్నవాడైతే ఫ్యూజు చూసుకోమంటాడు. వాడు ఫ్యూజు వెతికేలోపు కోపం చల్లారుతుంది, ఊళ్ళో మెకానిక్కు ఎవడో చూసి పెడతాడు. బయట కొన్నవాడైతే లోపలి రాగితీగ చుట్ట, అదే వైండింగు, కాలిపోయిందంటాడు. వాడు కొత్త మోటరు కొనడానికి వస్తాడు. ఇందులో అబద్ధం ఉందని ఆయన ఏనాడూ అనుకోలేదు. ఉన్నది వ్యాపారం.

మంగళవారం సాయంత్రం శాంభవి మొహం వెలిగిపోతూ స్క్రీను ఇటు తిప్పింది.

"బోరు లోతు, ఓల్టేజీ, ఏవీ అక్కర్లేదు సార్. ఎక్కడ కొన్నారన్న ఒక్క ప్రశ్నతో అన్నీ తేలిపోతున్నాయి. మీ దగ్గర కొంటే ఫ్యూజు. బయట కొంటే వైండింగు."

అచ్యుతరామారావు స్క్రీను మళ్ళీ అటు తిప్పేశాడు. "అది మర్యాదకి అడిగే మాటమ్మా, భోంచేశారా అన్నట్టు."

"ప్రోగ్రాముకి మర్యాద తెలీదు సార్."

"తీసెయ్."

"టెస్టుకని మధ్యాహ్నమే బాలశౌరి ఫోన్లో పెట్టాను. అదే, మైలవరం నుంచి బేరింగుల కోసం వచ్చాడే, ఆ మెకానిక్కు."

"వాడి ఫోన్లోంచి తీసెయ్."

"తీసేసినా పక్క ఫోను మళ్ళీ ఇచ్చేస్తుంది. మా రీసెర్చి గొప్పతనమే అది సార్."

బుధవారం పొద్దున కొట్టు ముందు ఇరవై మంది రైతులున్నారు. లోపల ఒక్కడే ఉన్న అచ్యుతరామారావు లెక్కవేశాడు. ఇరవై మోటార్లు ఊరికే విప్పించి ఉంటారు, ఇరవై కోపాలు. షట్టరు సగానికి దించాడు. దాని కింద నుంచి బాలశౌరి వంగి లోపలికొచ్చాడు.

"గురువుగారూ, జనం వస్తే షట్టరు దించుతారేంటండీ?"

"కొట్టడానికొచ్చారా?"

"కొనడానికండీ. మీ దగ్గర కొన్నదానికి వైండింగు పోదంటగా. మైలవరం నుంచి మంగళగిరి దాకా ఏ ఫోన్నడిగినా అదే చెప్తంది."

నిజం చెబితే ఇరవై మందీ వెనక్కి పోతారు. ఊరుకుంటే ఉంటారు. అచ్యుతరామారావు షట్టరు పూర్తిగా ఎత్తాడు. ఇంటి నుంచి నాలుగోసారి ఫోను మోగితే, "రేపొద్దున మా ఇంటికెళ్ళి ఆ మోటరేదో చూడు," అని బాలశౌరికి అప్పగించాడు.

గురువారం కంపెనీ మేనేజరు ఫిలిప్ వచ్చి చెయ్యి కలిపాడు.

"డీలర్‌షిప్పు మీదే రామారావుగారూ. ఒక చిన్న కాగితం ఉంది. మీ మోటార్లకి వైండింగు పోదని మా సిస్టమే తేల్చింది కదా, అందుకని మీ కొట్టు నుంచి వెళ్ళిన ప్రతి మోటరుకీ ఐదేళ్ళ వైండింగు గ్యారంటీ ఇస్తున్నాం. పాతవాటికీ కొత్తవాటికీ. పోతే ఖర్చు మీది. ఎలాగూ పోవు కాబట్టి మీకు ఇబ్బంది లేదు."

వద్దంటే ఎందుకు వద్దో చెప్పాలి. ఎందుకో చెబితే డీలర్‌షిప్పు పోతుంది. పక్కనే శాంభవి గురువుని చూసినట్టు చూస్తోంది. అచ్యుతరామారావు సంతకం పెట్టాడు.

అప్పుడే వాకిట్లో ఆటో ఆగింది. త్రిపురసుందరి దిగింది. వెనకే బాలశౌరి, చేతుల్లో నల్లగా మాడిన మోటరు. అతను దాన్ని తెచ్చి మేనేజరు ముందే బల్ల మీద పెట్టాడు.

"ఇతని ఫోను ఫ్యూజు మార్చమంటే మార్చాను. అప్పటికే మూడుసార్లు మార్చినదాన్ని," అంది ఆవిడ తాపీగా. "ఇలా కాదని, బయట కొన్నామని నొక్కమన్నాను. వెంటనే వైండింగు పోయిందని చెప్పింది. విప్పి చూస్తే బొగ్గు."

ఆవిడెవరో తెలియని ఫిలిప్ మర్యాదగా ముందుకు వంగాడు. "ఎక్కడ కొన్నారమ్మా?"

త్రిపురసుందరి తలెత్తి, నెత్తి మీదున్న కొట్టు బోర్డు వైపు వేలు చూపించింది.

"ఫ్యూజు చూశావా?" అన్నాడు అచ్యుతరామారావు.

ఐదేళ్ళ గ్యారంటీ కింద వచ్చిన మొదటి ఫిర్యాదుకి కొట్టు ఇచ్చిన జవాబు అదే.