పెద్దల్లుడి నీడ

ఆ ఆదివారం ఉదయం అత్తగారు మూడు పనులు అనుకున్నారు. హాలు కడిగించడం, వంట తొందరగా ముగించడం, గోడ మీద ఉన్న ఫోటోలోకి పెద్దల్లుణ్ణి ఎక్కించడం. మూడోది చిన్నల్లుడికి అప్పగించారు.

చిన్నల్లుడు ఫోటో స్టూడియోలో పనిచేస్తాడు. విడివిడిగా తీసిన ఫోటోలను కలిపి ఒకే ఫోటోగా చేయడం అతని పని. కాపురం అదే ఇంట్లో, మేడ మీద. అందువల్ల అత్తగారికి పెద్దల్లుడు "మీరు", చిన్నల్లుడు "నువ్వు".

ఫోటో ఏడాది కిందటిది. మామగారు ఉద్యోగ విరమణ చేసిన రోజు సాయంత్రం ఇంటి ముందు తీశారు. ముందు వరసలో పెద్దల్లుడి కోసం వేసిన కుర్చీలో మామగారి పై అధికారి కూర్చున్నాడు. లేవమని ఎవరూ అనలేకపోయారు. పెద్దల్లుడు వెళ్లి తన కారులో కూర్చున్నాడు. అతను లేకుండానే ఫోటో అయిపోయింది. ఆ తరవాత అతను ఈ గడప తొక్కలేదు. పెద్దమ్మాయి ఏడాది బతిమాలితే, ఇప్పుడు మధ్యాహ్నం భోజనానికి వస్తానన్నాడు. ఆమె ముందు రోజే వచ్చి తల్లికి ఒక మాట చెప్పింది.

"ఈసారి ఆయన మొహం ముడుచుకుని వెళ్లారంటే ఇక నేనూ రానమ్మా. నా బతుకు మద్దెల అయిపోయింది. అటు ఆయన వాయిస్తారు, ఇటు మీరు వాయిస్తారు."

"ఆ ఫోటో తీసేస్తే పోలేదా?" అంది చిన్నమ్మాయి.

"తీస్తే గోడ మీద దాని చోటు కనిపిస్తుంది. ఇక్కడేముండేదని అడుగుతారు. అప్పుడేం చెబుతాం?" అన్నారు అత్తగారు.

చిన్నల్లుడు కంప్యూటర్లో ఆ ఫోటో తెరిచి పద్ధతిగా మొదలుపెట్టాడు. ముందు ఫోటోను శుభ్రం చేశాడు. కుడివైపు కింది మూలలో నేల మీద ఎవరిదో నీడ ఉంది. తల, ఒక భుజం. మనిషి ఫోటోలో లేడు. చెరిపేశాడు. తరవాత పెద్దల్లుడు నిలబడి నవ్వుతున్న ఫోటో కోసం వెతికితే ఒక్కటే దొరికింది. ఏదో ఆఫీసులో లిఫ్టు ముందు తీసింది. మెడలో సందర్శకులకిచ్చే బిళ్ల ఉంది. బిళ్ల తీసేసి, మనిషిని కత్తిరించి, కుడి చివర అత్తగారి పక్కన నిలబెట్టి ఆమెను పిలిచాడు.

"కాళ్లు నేలకి ఆనలేదేంటి బాబూ? గాల్లో ఉన్నారు!"

"నీడ ఇంకా వెయ్యలేదత్తయ్యా. నీడుంటేనే మనిషి నేల మీద నిలబడ్డట్టుంటుంది."

"అదేదో వేశాకే పిలవకపోయావా? గుండె ఝల్లుమంది."

నీడ వేశాడు. బూట్ల కింద చిక్కగా, దూరం పోయేకొద్దీ పలచగా వేశాడు. ఫోటోలో ఎండ కుడి నుంచి వస్తోంది. అందరి నీడలూ ఎడమకు ఉన్నాయి. పెద్దల్లుడిది కూడా ఎడమకే పడి, కుర్చీలో ఉన్న అత్తగారి మొహాన్ని కప్పింది.

"ఏడాది తరవాత వస్తూనే నన్ను చీకట్లో పెట్టేశారే!"

అతన్ని ఎడమ చివరకు మార్చాడు. నీడ ఖాళీ నేల మీద పడింది.

"ముందు వరసలో కుర్చీ లేదని అలిగిన మనిషిని తీసుకెళ్లి చివర నిలబెడతావా? నీకూ ఆయనకీ ఏమన్నా ఉందా బాబూ?"

మధ్యకు, మామగారి కుర్చీ వెనక్కు తెచ్చాడు. ఈసారి నీడ పక్కనే నిలబడ్డ చిన్నల్లుడి మొహం మీద పడింది. అతను సర్దుకుపోదామనుకున్నాడు. చిన్నమ్మాయి ఒప్పుకోలేదు.

"బావ ఇంటికి రాకపోయినా ఆయన నీడ మా ఆయన మీదే పడాలా?"

పెద్దమ్మాయి గరిటెతో సహా వంటింట్లోంచి వచ్చింది. "పడితే ఏం? మాసిపోతాడా మీ ఆయన?"

అక్కాచెల్లెళ్లు అంతటితో మాటలు ఆపేశారు. అత్తగారు తెర వైపు చాలాసేపు చూశారు.

"సూర్యుణ్ణి కాస్త జరపలేవా బాబూ?"

సూర్యుణ్ణి జరిపితే ఫోటోలో ఉన్న అందరి నీడలూ చెరిపి మళ్లీ వెయ్యాలి. చిన్నల్లుడు ఆ సంగతి చెప్పాడు. అత్తగారు విని, "కానీ మరి" అన్నారు. అతను సూర్యుణ్ణి నడినెత్తికి తెచ్చాడు. ఎవరి నీడ వాళ్ల కాళ్ల కిందకు చేరింది. ఎవరిదీ ఎవరి మీదా పడలేదు. ఆ కుటుంబంలో అంతకు ముందు అలా జరిగిన దాఖలా లేదు.

మామగారు భూముల సర్వే శాఖలో పనిచేశారు. కళ్లద్దాలు పెట్టుకుని చూసి, "ఇది మిట్టమధ్యాహ్నం. ఫోటో తీసింది సాయంత్రం" అన్నారు.

"ఆ రోజు మధ్యాహ్నం మనం ఏం చేస్తున్నాం?" అన్నారు అత్తగారు.

"భోజనాలు."

"అప్పటికి అల్లుడుగారు అలిగారా?"

"లేదు."

"అయితే మధ్యాహ్నమే ఉంచు బాబూ."

చిన్నల్లుడు స్టూడియోకి పరిగెత్తి, ప్రింటు తీసి, ఫ్రేములో బిగించి తెచ్చాడు. దాన్ని మేకుకు తగిలిస్తుండగా బయట కారు ఆగింది.

పెద్దల్లుడు లోపలికి వచ్చాడు. ఎవరూ ఏమీ అనకముందే ఫోటో దగ్గరికి వెళ్లాడు. మధ్యలో ఉన్న తనను ఒకసారి చూశాడు. తరవాత వంగి, కుడివైపు కింది మూల మీద వేలు పెట్టాడు.

"ఇక్కడ ఒక నీడ ఉండాలి కదా?"

"ఎవరో దారినపోయేవాళ్లది అన్నయ్యా. అడ్డంగా ఉందని తీసేశా," అన్నాడు చిన్నల్లుడు.

"ఆ దారినపోయేవాణ్ణి నేనే."

ఫోన్ తీసి పాత ఫోటో చూపించాడు. మామగారు దాన్ని ఆ రోజే కుటుంబం గ్రూపులో పెట్టారు. పెద్దల్లుడు కూడా ఆ గ్రూపులో ఉన్నాడని ఎవరికీ తట్టలేదు. అతను అందులో ఎప్పుడూ మాట్లాడడు.

"కారులో ఎంతసేపని కూర్చుంటాను? వచ్చి కెమెరాకి ఇటు పక్క నిలబడ్డా, ఎవరైనా రమ్మంటారేమోనని. ఆ ఫోటోలో నాదంటూ ఉన్నది ఆ నీడొక్కటే. దాన్ని చెరిపేసి, లిఫ్టు దగ్గరి మనిషిని తెచ్చి పెట్టారు."

"ఎండకి అడ్డంగా ఎవరో నల్లగా కనిపించారు," అంది పెద్దమ్మాయి. "ఫోటోగ్రాఫర్ మనిషనుకున్నా. ఏడాది ఒకే ఇంట్లో ఉన్నాం, చెప్పొచ్చుగా!"

"అడిగితే చెప్పేవాణ్ణి."

"చెబితే అడిగేదాన్ని."

"ఒక్క అడుగు ముందుకేస్తే ఫోటోలో ఉండేవారుగా బాబూ!" అన్నారు అత్తగారు.

"పిలవకుండా ఎలా వస్తానండీ?" అని అతను గుమ్మం వైపు తిరిగాడు. పెద్దమ్మాయి తన సంచీ కోసం గదిలోకి నడిచింది.

అత్తగారు వెళ్లి గుమ్మానికి అడ్డంగా నిలబడ్డారు. కుర్చీ వైపు చెయ్యి చూపించారు.

"రండి అల్లుడుగారూ. వచ్చి కూర్చోండి."

అతను వెనక్కి తిరిగాడు. వచ్చి కూర్చున్నాడు.

సాయంత్రానికి పాత ఫోటో మళ్లీ మేకుకు ఎక్కింది. ఇంటికి కొత్తవాళ్లు ఎవరు వచ్చినా అత్తగారు ముందు మూలలో ఉన్న నీడ చూపించి, "ఈయన మా పెద్దల్లుడు" అని చెబుతారు. ముందు వరస కుర్చీలో ఉన్న అధికారి ఎవరని ఇంతవరకూ ఎవరూ అడగలేదు.