తప్పు పాస్‌వర్డ్ మాహాత్మ్యం

నా భార్య ఛాయాదేవి నిరుడు ఫిబ్రవరిలో పోయింది. పన్నెండో రోజు అయిన మర్నాడు మా బడి వెబ్‌సైటు తెరిచి, పరధ్యానంలో పాస్‌వర్డ్ తప్పు కొట్టాను. ఆనాటి నుంచి నా సిద్ధాంతం ఒక్కటే: పాస్‌వర్డ్ సరిగ్గా కొట్టేవాడంత దురదృష్టవంతుడు లోకంలో లేడు!

ఆలోచించండి. సరిగ్గా కొట్టినవాడికి దక్కేదేమిటి? హాజరు పట్టిక! తప్పు కొట్టినవాడితో అయితే పేజీ మాట్లాడుతుంది.

మా కంకిపాడు బడి సైటులో ఒక చిన్న పెట్టె ఉంది. మనం చేసిన తప్పేమిటో అవతల సర్వరు చూసి, దానికి తగిన వాక్యం ఆ పెట్టెలో పెట్టి పంపుతుంది. ఆ వాక్యాలన్నీ రాసింది మా బడి తెలుగు టీచరు, అంటే ఛాయాదేవి. ఆవిడ పోయినా అవి ఉద్యోగం మానలేదు.

ఫోన్ నంబరులో తొమ్మిది అంకెలే వేశారా? "ఒక అంకె దారిలో దిగిపోయినట్టుంది, వెతికి ఎక్కించండి." పుట్టినతేదీ వచ్చే ఏడాదిది వేశారా? "బిడ్డ పుట్టాక రండి, సీటు ఉంచుతాం." పాస్‌వర్డ్ తప్పితే, "కళ్ళజోడు తుడుచుకుని మళ్ళీ కొట్టండి." మూడోసారీ తప్పితే, "ఇక చాలు. లేచి కాఫీ తాగి రండి."

ఇంత శ్రద్ధ ఏ డాక్టరు చూపిస్తాడు? మా వీధి పద్మావతమ్మగారు మనవరాలి మార్కుల కోసం వెళ్ళి, పేజీ చెప్పగానే కొంగుతో కళ్ళజోడు తుడుచుకున్నారు. "నా అద్దాలు మాసినట్టు అక్కణ్ణించి ఎట్టా కనపడిందండీ!" అని ఇప్పటికీ ఆశ్చర్యపోతుంటారు.

మొన్న గవర్నర్‌పేట నుంచి సోహైల్ ఫోన్ చేశాడు. నా పాత విద్యార్థి. ఆ సైటు కట్టింది అతనే.

"మాస్టారూ, మీ అకౌంటు మీద దొంగ పడ్డాడండీ! పన్నెండొందల సార్లు తప్పు పాస్‌వర్డ్ కొట్టాడు."

"ఎక్కణ్ణించి?"

"కంకిపాడు నుంచేనండీ. రోజూ పొద్దున ఆరింటికల్లా డ్యూటీ ఎక్కేస్తన్నాడు."

"ఏం పట్టుకెళ్ళాడు?"

"అదేనండీ వింత! మూడుసార్లు కొడతాడు, పోతాడు. ఇంత పనీపాటా లేని దొంగని నేనెక్కడా చూళ్ళేదు."

నేను దగ్గాను.

"సోమవారం నుంచి ఆ పెట్టె మార్చేస్తన్నానండీ. ఏ తప్పు చేసినా ఒకటే మాట వస్తది. మేడంగారి మాటలు బాగుంటాయి గానీ, దొంగని కాఫీ తాగి రమ్మంటే ఎట్టాగండీ? ఆ ఒక్క వాక్యం మీరే రాసివ్వండి. 'ఏదో పొరపాటు జరిగింది' అంటే చాలు, అందరూ అదే పెడతన్నారు."

ఏదో అంటే ఏది? ఎవరి వల్ల? పరీక్షలో పిల్లవాడు ఇలా రాస్తే మార్కులు వేస్తామా?

ఆ దొంగ తరఫున రెండు నిజాలు ఒప్పుకుంటున్నాను. పాస్‌వర్డ్ అతనికి కంఠతా వచ్చు. కాఫీ తాగమని అతనికి చెప్పేవాళ్ళు ఇంకెవరూ లేరు.

సోమవారం ఎల్లుండే. సోహైల్ అడిగిన వాక్యం నేనింకా రాయలేదు.